అగ్గిపెట్టెలో బొడ్డుతాడు

బుధవారం పొద్దున ఎనిమిది గంటల లోపల ఒక చిన్న దొంగపని చక్కబెట్టాలని లాంబర్ట్ ముందురోజే నిశ్చయించుకున్నాడు. పదిన్నర ఫెర్రీకి గ్రెనడా నుంచి అత్తగారు దిగుతుంది. ఆవిడ కరియాకూ దీవి రేవులో కాలు పెట్టేసరికి లాంబర్ట్ పసికూతురి బొడ్డుతాడు పెరట్లో కొబ్బరిమొక్క కింద చేరిపోయి ఉండాలి. ఒకసారి మట్టి కప్పేశాక ఎంత అత్తగారైనా తవ్వి తియ్యదు కదా అని అతని ధైర్యం.

పిల్ల పుట్టి పదకొండు రోజులైంది. పేరు ఇంకా పెట్టలేదు, అందరూ డూడూ అంటున్నారు. ఆరో రోజున బొడ్డూడితే, ఆ ఎండిన ముక్కని జాస్లిన్ దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి మొగుడి చేతికిచ్చింది. "అమ్మ వచ్చేదాకా జాగ్రత్త. ఏ ఎలుకో ఎత్తుకుపోయిందంటే పిల్లకి దొంగబుద్ధులొస్తాయి" అని కూడా చెప్పింది. లాంబర్ట్ దాన్ని వంటింటి అలమరలో బైబిలు పక్కన పెట్టి, గంటకోసారి వెళ్ళి చూసుకునేవాడు.

విండ్‌వర్డ్ ఊళ్ళో పడవలు కట్టే వడ్రంగుల్లో లాంబర్ట్‌ది గట్టి చెయ్యి. అతను బిగించిన పలకల మధ్య నీటిచుక్క దూరదని పేరు. ఆ చేతులే పిల్లని ఎత్తుకునేసరికి వణుకుతాయి. పిల్ల నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెడతాడు. ఆ వేలికి పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది. ఏడుస్తోంది గనక ఊపిరి ఉన్నట్టేనని అతను స్థిమితపడతాడు, జాస్లిన్ స్థిమితం పోతుంది.

గొడవంతా ఆ ముక్కని ఎక్కడ పాతాలన్నదాని మీదే. ఆ దీవుల్లో ఎవరి బొడ్డుతాడు ఎక్కడ పాతితే అదే వాళ్ళ ఊరు, దాని మీద నాటిన చెట్టు వాళ్ళ చెట్టు. జాస్లిన్ చెట్టు గ్రెనడాలో పుట్టింటి పెరట్లో ఉన్న మామిడి. తన చిన్నప్పుడు ఆ మామిడి కింద ఎవరూ వెయ్యకుండానే బెండమొక్కలు మొలిచేవని, అదంతా తన అదృష్టమని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెబుతుంది. అత్తగారు ఆగస్టమ్మ మొన్న ఫోనులో, "పిల్ల బొడ్డుతాడు నేను పట్టుకెళతాను. తల్లి చెట్టు పక్కనే దానిదీ ఉంటుంది" అని తీర్పు చెప్పేసింది. లాంబర్ట్ "అలాగే అత్తయ్యా" అన్నాడు. ఫోను పెట్టేసి వెళ్ళి గుంత తవ్వాడు. ఊరి గొర్రెల్నీ మేకల్నీ విప్పి వదిలేసే ఎండాకాలం గనక చుట్టూ పాత వల కూడా కట్టాడు.

అతని బాధ అతనిది. ఇరవై ఏళ్ళుగా పడవలు కడుతున్నాడు, కట్టిన ప్రతి పడవా నీళ్ళలో దిగి ఎటో వెళ్ళిపోయింది. పిల్ల కూడా పెద్దయ్యాక గ్రెనడా మనిషినంటూ బయలుదేరుతుందేమోనని తలుచుకుంటేనే అతనికి అన్నం సహించేది కాదు.

ఏడున్నరకి జాస్లిన్ పాలిచ్చి నిద్రపోయింది. లాంబర్ట్ పార వసారాలో సిద్ధంగా పెట్టుకుని, పిల్లిలా అడుగులేసుకుంటూ వెళ్ళి అలమర తెరిచాడు. బైబిలు ఉంది. పక్కన అగ్గిపెట్టె లేదు.

బైబిలు కింద చూశాడు, లోపల చూశాడు, అలమర ముందుకు లాగి వెనకాల చూశాడు. పక్కింటి ఈనా పిన్ని అప్పుడే పిల్లకి ఆకుల నీళ్ళతో స్నానం చేయించి, తువ్వాలు ఆరేస్తోంది.

"పిన్నీ, ఇక్కడ అగ్గిపెట్టె ఉండాలి, చూశావా?"

"చూడ్డమేంటి, ఇచ్చేశాగా! రోలీ వాకిట్లో బస్సు ఆపి సిగరెట్టుకి నిప్పు అడిగాడు. నా రెండు చేతుల్లోనూ పిల్ల. 'అదిగో, అలమరలో ఉంది, పట్టుకుపో' అన్నా."

లాంబర్ట్ పైప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో, నాకు అదే కావాలి పిన్నీ!"

"అదే ఎందుకురా? దాని పుల్లలేమైనా బంగారంతో చేశారా? ఉండు, మా ఇంట్లోది ఇస్తా."

నిజం చెబితే పిన్ని ముందు జాస్లిన్ని లేపుతుంది, తర్వాత ఊరిని లేపుతుంది. పెరట్లో గుంత ఎందుకో కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకని అతను నోటికొచ్చింది అనేశాడు. "పొయ్యి... పొయ్యి వెలగట్లేదు పిన్నీ. వస్తా" అని, ఆవిడ చేతిలో పెట్టిన అగ్గిపెట్టె జేబులో వేసుకుని సైకిలెక్కాడు. ఆ ఒక్క మాటే అతని కొంప ముంచింది.

పిన్ని గుమ్మంలో నిలబడి ఆలోచించింది. పొయ్యి వెలగట్లేదంటే గ్యాసు అయిపోయినట్టు. గ్యాసు అయిపోతే బాలింతరాలికి వేడి జావ ఎవరు కాచినట్టు? పాపం, సిగ్గుపడి చెప్పుకోలేక అగ్గిపెట్టె వంక పెట్టుకుని పరిగెత్తాడు! ఆవిడ ఫోను తీసి ముందు వీధిలో నలుగురికీ చెప్పింది. తర్వాత, కన్నతల్లికి తెలియకపోతే ఎలాగని, ఫెర్రీలో ఉన్న ఆగస్టమ్మకి చెప్పింది.

ఇదేమీ తెలియని లాంబర్ట్ కొండ ఎక్కుతున్నాడు. దారిలో కనిపించిన ప్రతివాళ్ళనీ, "రోలీ బస్సు పోయిందా? ఏదైనా అగ్గిపెట్టె గానీ పారేశాడా?" అని అడిగాడు. కందులు ఎండబోస్తున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ ఫోన్లకి వార్త అప్పటికే వచ్చేసింది. "అగ్గిపెట్టెకేం భాగ్యం నాయనా, ఇదిగో" అని ఒకావిడ ఇచ్చింది. వద్దనడానికి లేదు. పసిబిడ్డ ఉన్న ఇంటికని ఎవరైనా చెయ్యి చాపి ఇస్తే ఆ ఊళ్ళలో కాదనకూడదు. కొండ దిగి, ఫెర్రీ రేవున్న హిల్స్‌బరో చేరేసరికి అతని జేబుల్లో పదిహేను అగ్గిపెట్టెలూ, సైకిలు బుట్టలో ఆరు కోడిగుడ్లూ ఉన్నాయి.

రోలీ రేవు చివర బస్సు ఆపుకుని, ఫెర్రీ కోసం చూస్తూ పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"అగ్గిపెట్టె!" అన్నాడు లాంబర్ట్.

"విన్నాను లాంబూ. ఇంత కష్టంలో ఉండి నాకు చెప్పకపోతే ఎలా? ఇవిగో, ఇక్కడికొచ్చి కొన్నవాటితో కలిపి నాలుగున్నాయి, నాలుగూ తీసుకో." రోలీ స్టీరింగు ముందున్న అగ్గిపెట్టెలన్నీ తీసి అతని చేతిలో కుమ్మరించాడు.

లాంబర్ట్ ఒక్కొక్కటీ తెరిచాడు. పుల్లలు. పుల్లలు. గాలపు ముళ్ళు. నాలుగోది ఖాళీ. మూలన పిసరంత దూది అంటుకుని ఉంది.

"ఇందులో... ఇందులో ఉన్నదేదీ?"

"అదా! ఈనా పిన్నికి మతి పోతోందిరా. పుల్లల పెట్టె ఇమ్మంటే ఎండిపోయిన ఎర ముక్క ఉన్న పెట్టె ఇచ్చింది. సముద్రంలోకి విసిరేశా." రోలీ నవ్వాడు. "పడిందో లేదో, ఇంత చేప వచ్చి గుటుక్కున మింగింది చూడూ!"

లాంబర్ట్ రేవు గట్టు మీద కూలబడ్డాడు. ఎలుక ఎత్తుకుపోతే దొంగబుద్ధులు. చేప మింగితే ఏమొస్తుందో ఎవరూ చెప్పలేదు. పిల్ల నడక రాగానే నేరుగా నీళ్ళలోకి పోతుందా? పోతే మళ్ళీ వస్తుందా? అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఫెర్రీ కూత వేసింది.

ఆగస్టమ్మ అందరికంటే ముందు దిగింది. ఒక చంకలో కోడి, ఇంకో చేతిలో దుంపల సంచీ, నెత్తిన టోపీ. రోలీ ఎదురెళ్ళి సంచీ అందుకుంటూ, పలకరింపుగా, "పాపం అత్తా, మీ అల్లుడు పొద్దున్నుంచీ అగ్గిపెట్టె కోసం ఊళ్ళు పట్టి తిరుగుతున్నాడు" అన్నాడు.

"తెలుసు" అంది ఆవిడ. అల్లుడి ఉబ్బిన జేబుల్నీ, తడి కళ్ళనీ చూసింది. "ఏమయ్యా, పొయ్యి వెలిగించలేనివాడివి పిల్లని ఎందుకు కన్నావు?"

"అది కాదత్తయ్యా..."

"ఏదీ కాదు. మూడున్నర ఫెర్రీకి తల్లీ పిల్లా నాతో వస్తున్నారు. నువ్వు గ్యాసు సంపాదించుకున్నాక కబురు చెయ్యి."

బస్సులో లాంబర్ట్ సైకిలునీ గుడ్లనీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కోడి అతన్నే చూస్తోంది. పొద్దున లేచినప్పుడు బొడ్డుతాడు గ్రెనడా పోకూడదన్నదే అతని దిగులు. ఇప్పుడు పిల్లే పోతోంది. నిజం చెబితే బొడ్డుతాడు పోగొట్టినవాడికి పిల్లనెలా వదిలేస్తానని అత్తగారంటుంది, చెప్పకపోతే తిండి పెట్టలేనివాడికి వదలనంటుంది. మింగలేక కక్కలేక అతను దారి పొడుగునా చెమటలు కక్కాడు.

ఇంటి ముందు బస్సు ఆగేసరికి పెరట్లోంచి పొగ లేస్తోంది. మూడు బొగ్గుల కుంపట్ల మీద మూడు రకాల జావ ఉడుకుతోంది. వీధి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఒకావిడ వేయించిన చేపలు పళ్ళెం నిండా తెచ్చింది. పిల్ల ఆ పొగకి తుమ్ముతోంది. ఒక్కో తుమ్ముకీ లాంబర్ట్ గుండె ఒక్కో మెట్టు దిగింది.

మధ్యలో జాస్లిన్ జుట్టు ముడేసుకుంటూ నిలబడి అరుస్తోంది. "నా ఇంట్లో పొయ్యి వెలగలేదని ఎవరు కూశారు? రెండు గ్యాసు బండలు నిండుగా ఉన్నాయి! కావాలంటే ఎత్తి చూడండి!"

అందరూ ఈనా పిన్ని వైపు చూశారు. ఈనా పిన్ని లాంబర్ట్ వైపు చూసింది. "వీడే చెప్పాడమ్మా. చెప్పి అగ్గిపెట్టె పట్టుకుపోయాడు."

"గ్యాసు ఉంటే అగ్గిపెట్టెలెందుకురా? అన్నెందుకు?" అంది మరొకావిడ. లాంబర్ట్ జేబులు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. పందొమ్మిది.

జాస్లిన్ వాటిని చూసింది. ఏదో గుర్తొచ్చింది. "సరే, ఈ పిచ్చి సంగతి తర్వాత. అమ్మ వచ్చిందిగా, నేనిచ్చిన అగ్గిపెట్టె తీసుకురా."

"ఇప్పుడే... తెస్తా" అని లాంబర్ట్ వంటింట్లోకి పారిపోయాడు. వెనకే ఆగస్టమ్మ వచ్చి తలుపు వేసింది.

"ఏదీ?"

అతనిక ఆగలేకపోయాడు. గుంత దగ్గర్నుంచి చేప దాకా మొత్తం చెప్పేశాడు. "నాది తప్పే అత్తయ్యా. మీకు తెలియకుండా ఇక్కడ పాతేద్దామనుకున్నా. నా పిల్ల నా ఊరిదై ఉండాలని... అంతే. దాన్ని తీసుకుపోకండి. కావాలంటే నన్ను నాలుగు తన్నండి." పడవల వడ్రంగి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆగస్టమ్మ కోడిని కింద పెట్టి, నెమ్మదిగా ముక్కాలిపీట మీద కూర్చుంది. తర్వాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మాది కోడిపెట్ట" అంది.

"ఏంటత్తయ్యా?"

"జాస్లిన్ బొడ్డుతాడు. ఎండ తగలాలని కిటికీలో పెట్టా. కోడిపెట్ట వచ్చి ముక్కున కరుచుకుని పోయింది. ఊరంతా వాకిట్లో నిలబడి ఉన్నారు, మా అత్తగారితో సహా. ఏం చేస్తాను? విత్తనానికి దాచిన ఎండు బెండకాయ కొన విరిచి, దూదిలో చుట్టి పాతేశా. ముప్పై ఏళ్ళయింది, చచ్చినా ఎవరికీ చెప్పలేదు. దాని పిల్లదైనా నా చేతులతో సరిగ్గా చేద్దామనుకున్నా. అందుకే నాకిమ్మన్నా. నువ్వు నాకంటే ఘనుడివి."

లాంబర్ట్ నోరు తెరుచుకుని చూశాడు. అత్తగారిని చూసి జాలిపడే రోజొకటి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

"సముద్రంలో పడిందన్నావు కదూ? ఏ సముద్రం? మీ రేవుకీ మా రేవుకీ మధ్యదేగా. అయితే అది రెండు ఊళ్ళదీను. ఇక నీకూ నాకూ తగువు లేదు." ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. "బెండకాయ ఉందా?"

దూలానికి జాస్లిన్ విత్తనానికి కట్టిన ఎండు బెండకాయల గుత్తి వేలాడుతోంది. ఆగస్టమ్మ ఒక కాయ కొన విరిచి, చేతిలో తిప్పి చూసి, అలవాటున్నదానిలా దూదిలో చుట్టింది. "చూశావా? అచ్చం అలాగే ఉంటుంది."

"గ్రెనడా పట్టుకెళ్తారా అత్తయ్యా?"

"బెండకాయ ముక్కకి ఫెర్రీ ఎక్కించమంటావా? పార తీసుకురా."

వీధి వీధంతా చూస్తుండగా అత్తా అల్లుడూ గుంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆవిడ పెట్టింది, అతను కొబ్బరిమొక్క నిలబెట్టి మట్టి కప్పాడు. అమ్మ ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని జాస్లిన్ ఆశ్చర్యపోయి, ఆనందం పట్టలేక ఇద్దర్నీ కావలించుకుని ఏడ్చింది. వాళ్ళిద్దరూ కూడా ఏడ్చారు, ఎవరి కారణాలు వాళ్ళవి. ఆగస్టమ్మ మూడున్నర ఫెర్రీ ఎక్కలేదు, మూడు వారాలు ఉండిపోయింది. ఆ మూడు వారాలూ లాంబర్ట్ చేప ముట్టలేదు. ఎందుకని అడిగితే పళ్ళు నొప్పన్నాడు.

జూన్ నెలలో వానలు పడ్డాయి. కొబ్బరిమొక్క కొత్త ఆకు వేసింది. దాని మొదట్లో, వల లోపల, నాలుగు బెండమొక్కలు తలెత్తాయి. జాస్లిన్ పిల్లని చంకనేసుకుని వీధి వీధినీ పిలిచి చూపించింది. "నే చెప్పలా? అచ్చం నా చెట్టుకి మొలిచినట్టే! ఎవరూ విత్తనం వెయ్యలేదు! నా అదృష్టం నా కూతురికి వచ్చింది!" ఈనా పిన్ని మొక్కలకి దణ్ణం పెట్టుకుంది. ఫోనులో ఈ సంగతి విన్న ఆగస్టమ్మకి పొలమారి, చాలాసేపు దగ్గు తగ్గలేదట.

"ఇది మామూలు విషయం కాదు కదూ లాంబర్ట్?" అంది జాస్లిన్.

కాదన్నట్టు తల ఊపి, రెండు నెలలు ఆగి, లాంబర్ట్ మొక్కజొన్నపిండితో వండే కూకూలోకి గుప్పెడు లేత కాయలు కోసుకొచ్చాడు.