వర్షవిరామ స్తంభం

"ఇకమీదట మన రాష్ట్రంలో ప్రతి సంవత్సరానికీ ఒక మాట ఉంటుంది" అని భాషావికాస మంత్రిగారు 1972 జూన్‌లో ప్రకటించారు.

మంత్రిగారు అప్పుడే పశ్చిమ జర్మనీ నుంచి దిగారు. పరిశ్రమలు చూసి రమ్మని పంపిస్తే, అక్కడి పండితులు గడిచిన ఏడాదికి అతికినట్టుండే మాట ఒకటి ఎంచడం చూసి వచ్చారు. పరిశ్రమ తేవాలంటే విదేశీ మారకం కావాలి. మాట తేవడానికి ఏమీ అక్కర్లేదు. వారి దూరదృష్టి అలాంటిది. స్వాతంత్ర్య రజతోత్సవం నాటికి మాట సిద్ధంగా ఉండాలని ఆ బాధ్యత మా నిఘంటు కార్యాలయానికి అప్పగించారు.

అక్కడ నేను జూనియర్ సబ్ ఎడిటర్‌ని. పదకొండేళ్ళ సర్వీసు. నేను చేరినప్పుడు మా నిఘంటువు 'అ'లో ఉండేది. ఇప్పుడూ 'అ'లోనే ఉంది, కాని చాలా లోతుగా ఉంది. అంచేత 'అన్నం' గురించి నేను గంటసేపు మాట్లాడగలను. 'ఆకలి' దాకా ఇంకా రాలేదు.

డైరెక్టర్ రామబ్రహ్మంగారు నన్ను పిలిచారు.

"ఏమయ్యా పార్థసారథీ, మాట ప్రజల నోట్లోంచి రావాలిట. మంత్రిగారి ఆజ్ఞ. జీపు తీసుకెళ్ళి పట్టుకురా."

నేనుండేది మదీనాగూడలో. కిరాయి తక్కువని బొంబాయి రోడ్డు మీద అంత దూరం పోయాను. రోజూ బస్సులో వెళ్ళే ఊరికి ఆ రోజు ప్రభుత్వ జీపులో వెళ్ళి, నా ఇంటి ముందే దిగి, నా ఇంటి యజమాని పోచయ్యను మొదటిసారి చూస్తున్నట్టు "మీ పేరేమిటండీ?" అని అడిగి రాసుకున్నాను. మదీనాగూడ, కూకట్‌పల్లి, తెల్లాపూర్ తిరిగి మొత్తం మూడు వందల పన్నెండు మందిని అడిగాను. మూడు వందల పదకొండు మంది "కరువు" అన్నారు. మిగిలిన ముసలాయనకు చెవుడు. ఆయన జీపు చూసి, "నీళ్ళు తెచ్చినవా బిడ్డా?" అన్నాడు.

రామబ్రహ్మంగారు నా కాగితాలు చూసి కళ్ళజోడు తీసేశారు.

"కరువా? రజతోత్సవానికి కరువా? ఆ మాట మంత్రిగారి చేత మైకులో అనిపిస్తావా?"

"ప్రజలు అన్నదే రాశానండి."

"ప్రజలకి భాషొస్తే మనకి జీతాలెందుకయ్యా? అర్థం అదే ఉండనీ. వినడానికి హాయిగా ఉండాలి. చూడు."

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. నన్నెవరూ బెదిరించలేదు. కప్పు టీ తాగేలోగా నేనే, నా సొంత తెలివితో, ఆ పదం కట్టాను.

"వర్షవిరామం అంటే ఎలా ఉంటుందండి?"

అయిదు కొట్టేదాకా కుర్చీ వదలని రామబ్రహ్మంగారు లేచి నిలబడ్డారు. "విరామం! ఆహా! వాన పని చేసి చేసి అలిసిపోయి కాసేపు కూర్చున్నట్టుందయ్యా!"

ఆగస్టు సభలో మంత్రిగారు నాకు శాలువా కప్పారు. "నేటినుంచి ప్రభుత్వ కాగితాల్లో కరువు అనేది ఉండదు!" అన్నారు. చప్పట్లు మోగాయి. మర్నాడు ఒక పత్రిక 'ప్రభుత్వ కాగితాల్లో' అన్న మాటలు వదిలేసి మిగతాది అచ్చువేసింది. మంత్రిగారికి ఆ పత్రిక మరీ నచ్చింది.

నేను శాలువాతోనే బస్సు దిగాను. పోచయ్య భార్య కిష్టమ్మ రెండు మైళ్ళ అవతలి నుంచి నీళ్ళ బిందె మోసుకొస్తూ ఎదురైంది. ఊరి బాయి ఎండి అప్పటికి ఏడు నెలలు. అయినా రోజూ ఒక బిందె నా గుమ్మంలో పెట్టేది.

"శాలువ మంచిగున్నది సారూ. ఏం జేసినవని కప్పిన్రు?"

"ఒక మాట రాశానమ్మా."

"ఒక్కటేనా!" అని ఆశ్చర్యపోయింది పాపం.

తర్వాత కొన్నాళ్ళకు పోచయ్య ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఊరి బాయి లోతు చేయించమని, కరువు పనుల కింద అతను పెట్టుకున్న దరఖాస్తు తిరిగొచ్చింది.

"జర సదువు సారూ."

చదివాను. 'కరువు అను పదము వాడుకలో లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనది.' నా పాండిత్యం అప్పుడే ఆఫీసుల దాకా పాకిందని ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. తలెత్తితే పోచయ్య మొహం కనిపించింది.

"దానికేముందండీ, కరువు కొట్టేసి వర్షవిరామం అని పెడదాం" అని నేనే నా చక్కని దస్తూరీతో తిరగరాసిచ్చాను.

పదిరోజుల్లో అదీ వచ్చేసింది. 'విరామము తాత్కాలికము. దానంతట అదియే ముగియును. చర్య అనవసరము.'

పోచయ్య అరుగు మీద కూలబడ్డాడు. "ఇగ బర్రెల్ని అమ్ముడే సారూ. గీ మాట ఎవడు పెట్టిండు?"

"ఎవరో పండితుడటండి."

"వానింట్ల నీళ్ళున్నయేమో."

సరిగ్గా అప్పుడే కిష్టమ్మ వచ్చి నా గుమ్మంలో బిందె దించింది. ఆ రోజు నేను స్నానం చెయ్యలేదు. గడ్డం గీసుకోలేదు. తాగడానికి ముంచిన గ్లాసు మళ్ళీ బిందెలోనే వంపేశాను.

మర్నాడు రామబ్రహ్మంగారి ముందు నిలబడి, నా పదం వెనక్కి తీసుకోమని వేడుకున్నాను.

"అది 'వ' కదయ్యా? మన నిఘంటువు 'వ'కి చేరాక ఆలోచిద్దాం" అన్నారాయన దయగా. "అయినా నీకో శుభవార్త. ఆ పదానికి మంత్రిగారు రాతి స్తంభం కట్టిస్తున్నారు. పదం ప్రజల్లోంచి పుట్టింది కనక ప్రజల మధ్యే. మదీనాగూడలో! స్థలం నువ్వే చూపించాలి."

నా పదకొండేళ్ళ సర్వీసులో బుర్ర వాడింది ఆ సాయంత్రమే. తిన్నగా పోచయ్య దగ్గరికెళ్ళాను.

"పోచయ్యగారూ, ఆ పండితుణ్ణి నేనే."

తిడతాడనుకున్నాను.

"నువ్వా సారూ? నువ్వు గిట్ల జేస్తవని అనుకోలె" అన్నాడు. తిట్టినా బాగుండేది.

"తప్పయిపోయిందండి. ఈ ఊళ్ళో తవ్వితే నీళ్ళెక్కడ పడతాయో చెప్పండి. స్తంభం అక్కడ పెట్టిస్తాను."

పోచయ్య లేచాడు. ఎండిన బాయి దాటి, పల్లం దిగి, ఒకచోట మడమతో నేలను తన్ని, "గీడ" అన్నాడు.

ఇంజనీరుతో, స్తంభం నలభై అడుగుల ఎత్తుండాలని, పునాది దానికి తగ్గట్టుండాలని పైవారి కోరికగా చెప్పాను. పైవారెవరని ఆయన అడగలేదు. సర్కారులో ఎవరూ అడగరు. ఇరవై ఎనిమిదో అడుగులో నీళ్ళు ఉబికాయి.

ఊరు ఊరంతా బిందెలతో పరుగెత్తింది. ఇంజనీరు నెత్తి పట్టుకున్నాడు.

"పునాదిలో నీళ్ళండీ! స్తంభం ఎలా లేపను?"

నేను వెంటనే పైకి రాశాను. 'మంత్రివర్యుల స్తంభమునకు నీటి బెడద ఏర్పడినది. నీరు పూర్తిగా ఎండువరకు తోడి పారవేయుటకు యంత్రము పంపవలెను.' బాయిలో ఊట తగ్గినప్పటినుంచీ నీళ్ళు కావాలని మూడేళ్ళుగా అడిగితే రాని డీజిల్ పంపు, నీళ్ళు వద్దనగానే మూడు రోజుల్లో వచ్చింది. పొద్దునా సాయంత్రం తోడి పారవెయ్యడం మొదలుపెట్టాం. పారవేసే పని ఊరివాళ్ళే బిందెలతో పూర్తిచేసేవారు. పోచయ్య బర్రెల్ని అమ్మలేదు.

రామబ్రహ్మంగారు అడిగినప్పుడల్లా, "ఇంకా తోడుతున్నామండి. ఊరంతా సాయపడుతోంది" అనేవాణ్ణి.

"ప్రజల్లో ఎంత చైతన్యం!" అనేవారు.

నా ఉత్తరం మాత్రం నేననుకున్న చోట ఆగలేదు. బల్లలన్నీ ఎక్కి దిగి, నవంబర్‌లో ఒక లారీని వెంటబెట్టుకుని మదీనాగూడ వచ్చింది. లారీ ముందు జీపు. జీపులోంచి ఒక అధికారి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లతో దిగి, దుమ్ములో జాగ్రత్తగా అడుగులేశాడు.

"నీటి బెడద గ్రామం ఇదేనా? వరద సహాయం తెచ్చాం."

నేను నోరు తెరిచాను. కిష్టమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది. నోరు మూసుకున్నాను.

ఇంటికో బియ్యం సంచి దించారు. కంబళ్ళు దించారు. ఆఖరున నలుగురు మనుషులు 'జాగ్రత్త, జాగ్రత్త' అంటూ కొత్త రంగు వేసిన పడవ ఒకటి దించారు.

పోచయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టి చూశాడు.

"ఏంది సారూ గిది?"

"పడవ" అన్నాడు అధికారి.

"దీంతోని ఏం జేయాలె?"

అధికారి కాగితం తిరగేసి చూసుకున్నాడు. "ప్రాణాలు కాపాడుకోవాలి. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

పోచయ్య వేలిముద్ర వేశాడు. తర్వాత మరో ఇద్దర్ని పిలిచి పడవను పంపు దగ్గరికి లాగించి, గొట్టం అందులోకి తిప్పాడు. అంచుదాకా నీళ్ళు నిండాయి. కిష్టమ్మ బర్రెల్ని తోలుకొచ్చింది. అవి రెండు పక్కలా బారుగా నిలబడి తాగడం మొదలుపెట్టాయి.

అధికారి కాసేపు నిలబడి చూశాడు. కలం తీసి, 'పడవ వినియోగములో ఉన్నది' అని రాసుకుని జీపెక్కాడు.