అయిదు వందల ఇరవై అయిదు రెట్ల శనిగ్రహం

ఏమీ చూపించని టెలిస్కోపును మించిన వస్తువు ఇంట్లో ఇంకొకటి ఉండదు! నవ్వులాటకు అనడం లేదు. నారిన్ పట్టణంలో, మా వీధిలో, మొట్టమొదటి టెలిస్కోపు కొన్న మనిషిగా ఈ మాట అనే హక్కు నాకుంది.

మీరు ఆ అట్టపెట్టె చూడాలి. దాని మీద శనిగ్రహం మేం టీ నీళ్ళు కాచే సమోవార్ అంత ఉంటుంది. చుట్టూ రంగురంగుల వలయాలు. పక్కనే గుర్రపు డెక్కంత అంకెలు: 525 రెట్లు! చందమామను అన్ని రెట్లు దగ్గరికి లాక్కొస్తే ఇక మిగిలేదేముంది? జీను వేసి ఎక్కి కూర్చోవడమే కదా!

అదే పెట్టె అడుగున, చీమలు చదువుకునేటంత చిన్న అక్షరాల్లో, ఇంకొన్ని అంకెలు కూడా ఉంటాయి. ముందున్న కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లు. ఫోకల్ లెంగ్త్ 700. కంటి దగ్గర బిగించే లెన్సులు మూడు: 20, 12.5, 4. వచ్చినదాన్ని మూడింతలు చేసే అదనపు లెన్సు ఒకటి. చిన్నగా వేశారంటే అవి ముఖ్యం కాదనేగా అర్థం? అసలు సంగతిని అడుగున దాచేంత చెడ్డవాళ్ళు వ్యాపారంలో ఉంటారా?

రాజధాని బిష్కెక్ బజారులో దాన్ని నాకు అమ్మినాయన ఎంత నిజాయితీపరుడో చెబుతాను వినండి.

"కొత్తగా చూసేవాళ్ళకి ఇది పనికొస్తుందా?" అని అడిగాను.

"కొత్తవాళ్ళకీ ఇదే, ముదురు శాస్త్రవేత్తలకీ ఇదే అన్నా. పక్క కొట్టోడిది మూడొందల రెట్లే. దాంతో మీ ప్రహరీ అవతల కూడా కనపడదు."

"నువ్వు చూశావా దీంట్లో?"

"నాకు తీరికేదన్నా? పెట్టె మీద రాసుందిగా."

ఇంతకంటే హామీ ఏం కావాలి? కొన్నాను.

కొన్నది నా భార్య బురుల్ కోసం. బడిలో పిల్లలకు ఖగోళం చెప్పింది తను. ఉద్యోగం చేసినంత కాలం శనిగ్రహాన్ని సుద్దముక్కతో బోర్డు మీద గీసిందే గానీ, ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. రిటైరయ్యాక ఏం కావాలని అడిగితే, "ఆ ఉంగరం ఉందో లేదో ఓసారి చూడాలయ్యా. లేకపోతే అంతమంది పిల్లలకి అబద్ధం చెప్పినదాన్నవుతాను" అంది.

ఇక ఈ యంత్రం వల్ల కలిగిన లాభాలకు వస్తాను. మాలో కొత్త కోడల్ని చూసినా, కొత్త కారును చూసినా, మొదటిసారి చూసినవాళ్ళు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. చూసినందుకు కానుక. కొరుమ్‌దుక్ అంటాం. టెలిస్కోపు వచ్చిందనగానే వీధి వీధంతా మా వాకిట్లో దిగింది. పక్కింటి సగిన్ టీ పొట్లం తెచ్చాడు. ఎదురింటి బుబుష్ అవ్వ పూల రుమాలు తెచ్చింది. మిఠాయిలూ ఎండబెట్టిన పెరుగుండలూ సరే సరి. శీతాకాలమంతా మాకు టీ కొనే పని లేదు. పనిచేసే టెలిస్కోపు ఏదైనా ఇంత సంపాదించి పెట్టిందా?

పొద్దు వాలి శని పైకి రాగానే 4 లెన్సుకు ఆ మూడింతల లెన్సు కలిపి పూర్తి బలంతో బిగించాను. 525 ఉండగా తక్కువ వాడటానికి నేనేమన్నా వెర్రివాణ్ణా? స్టాండు మాత్రం ఎవరైనా తుమ్మినా ఊగిపోయేది. అది దాని సున్నితత్వం. మేం దాన్ని గౌరవించి తుమ్మడం మానేశాం.

ముందు సగిన్ చూశాడు. చాలాసేపు చూశాడు.

"కనపడిందా?" అన్నాను.

"కనపడకేం అన్నా! తెల్లగా, గుండ్రంగా."

"మరి ఉంగరం?"

"ఆ... ఉంగరం కూడా ఉన్నట్టే ఉంది."

పాపం ఏమంటాడు? చూసినందుకు కానుక ఇచ్చేశాక చూడలేదంటే ఏం మర్యాద? పుచ్చుకున్నాక గుచ్చి గుచ్చి అడిగితే నాకేం మర్యాద? బుబుష్ అవ్వ కళ్ళజోడు తీసేసి మరీ చూసి, తనకు ఉంగరాలు రెండు కనపడ్డాయంది. ఆవిడ తెచ్చిన రుమాలు అందరి కానుకల కంటే ఖరీదైనది మరి. ఆ సాయంత్రం మా వీధిలో శనిని చూడనివాడు లేడు!

కానుక ఇవ్వాల్సిన అవసరం లేనిది ఇంటి మనిషి బురుల్ ఒక్కతే. చివర్న తను చూసింది.

"నాకు బూడిద రంగు తప్ప ఏం కనపడట్లేదు" అంది.

"ఓసారి కళ్ళు చూపించుకో తల్లీ. నీ వయసులోనే నాకూ పొర కమ్మింది" అంది బుబుష్ అవ్వ, ప్రేమగా.

అంతే. మర్నాటి నుంచి బురుల్ సూదిలో దారం ఎక్కించడం మానేసింది. కుడుతున్న ఉన్ని తివాచీని సగం పనిలోనే సగిన్ భార్యకు ఇచ్చేసింది. ఆస్పత్రికి తీసుకెళితే, నీ చూపు నా చూపు కంటే బాగుందమ్మా అన్నాడు డాక్టరు. తను నమ్మలేదు.

"వీధంతా చూశారు. నేనొక్కదాన్నే చూడలేదు. ఆయనకేం తెలుసు?" అని గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకు ఆ టెలిస్కోపును నది దాకా మోసుకెళ్ళి విసిరేయాలనిపించింది.

విసిరేసేవాణ్ణే. కానీ ఒకరోజు తను కళ్ళను పరీక్షించుకోవడానికి ఇంట్లో అన్నిటికంటే చిన్న అక్షరాలు ఎక్కడున్నాయా అని వెతికింది. అవి ఆ పెట్టె అడుగునే ఉన్నాయి. తడుముకోకుండా గడగడా చదివేసింది. చదివి ఊరుకుంటే టీచరెందుకవుతుంది? లెక్క వేసింది.

"ఏడొందల్ని నాలుగుతో భాగిస్తే నూట డెబ్బై ఐదు. మూడింతలు చేస్తే మీ ఐదొందల ఇరవై ఐదు. బాగానే ఉంది. కానీ కటకం అరవై మిల్లీమీటర్లేగా? దాంట్లోంచి వచ్చే వెలుతురెంత? చెంబెడు పాలతో పెళ్ళి మొత్తానికీ టీ పెడతారా? అరవైకి రెట్టింపు, నూట ఇరవై దాటాక ఏం చూసినా బూడిదే."

"మరి సగిన్ చూశాడుగా?" అన్నాను.

"సగిన్ టీ పొట్లం చూశాడు" అంది.

ఆ సాయంత్రం తనే అదనపు లెన్సు ఊడబీకింది. 20 లెన్సుతో శనిని వెతికి పట్టుకుంది. తర్వాత 12.5 బిగించింది. లెక్క ప్రకారం యాభై ఆరు రెట్లు. కన్ను ఆనించింది. ఎంతకీ తీయదే! నేను ఊపిరి బిగబట్టి పక్కన నిలబడ్డాను.

"ఉంది" అంది చివరికి. "గింజంత. కానీ చుట్టూ ఉంది. పిల్లలకి నేను నిజమే చెప్పాను."

అందుచేత పాఠకులారా, మళ్ళీ చెబుతున్నాను, పెద్ద అంకెల టెలిస్కోపు గొప్ప వరం. టీ వస్తుంది, రుమాళ్ళు వస్తాయి, వీధిలో శాస్త్రవేత్తలు పెరుగుతారు. పెట్టె మీద యాభై ఆరు అని నిజం వేస్తే ఎవరు కొంటారన్నా అని ఆ బజారాయన అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. నేను కొనేవాణ్ణి కాదు. సగిన్ కూడా కొనడు.

బురుల్ కొనేది. కొన్న సాయంత్రమే చూసేది. కళ్ళు పోయాయని అన్నాళ్ళు ఏడ్చేది కాదు.