మీ ఉద్యోగం వరుసలో ఉంది

మానవుడు అచ్చు వేయడం నేర్చుకొని కొన్ని శతాబ్దాలయింది. వేయవలసిన అచ్చును ఒక పద్ధతి ప్రకారం ఆపడం మాత్రం ఈ మధ్యనే నేర్చుకున్నాడు. ఆ విద్యలో వీధి దీపాల నిర్వహణ కార్యాలయం సాధించిన ప్రగతి లోకానికి తెలియవలసి ఉంది.

అక్కడి కంప్యూటర్లు యునిక్స్ అనే పాత సాఫ్ట్‌వేర్ వంశానికి చెందినవి. మొన్నమొన్నటి దాకా వాటికి నల్లటి తెర ఒక్కటే ఉండేది. టైపిస్టు దాని మీద ఒక్క ముక్క కొట్టి ఎంటర్ నొక్కితే, పక్కనున్న ప్రింటర్ కిక్కురుమనకుండా కాగితం చేతిలో పెట్టేది. పని ఇంత తేలిగ్గా జరిగిపోవడం పై కార్యాలయానికి అనుమానం కలిగించింది. అందుకని సిబ్బంది సౌకర్యార్థం, బొమ్మలూ బటన్లూ ఉన్న ప్రింటింగ్ కిటికీ ఒకటి తెర మీద పెట్టించారు. అందులో అరలు, అరల్లో గళ్లు, గళ్లలో ప్రశ్నలు. మనం అడిగింది ఒక కాగితమే అయినా, అది ముందుగా మన అభిప్రాయాలన్నీ కనుక్కుంటుంది.

పైగా అంతా తెలుగులోనే. తెలుగు చేసిన పెద్దమనిషి నిఘంటువు ఒళ్లో పెట్టుకొని నిజాయతీగా పనిచేశాడు. ప్రింటర్‌కు పంపే ఒక్కో పనినీ ఇంగ్లీషులో జాబ్ అంటారు కనుక, ఆయన దాన్ని 'ఉద్యోగం' అన్నాడు. (నిఘంటువులో మొదటి అర్థం అదే. రెండో అర్థం దాకా చదవమని ఆయనకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.)

ఆ రోజు టైపిస్టుకు పొద్దున్నుంచీ కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఆఫీసులో అందరూ ఆవిడను 'టెంపరరీ' అంటారు. కూతుర్ని బడిలో వేసిన ఏడు తాత్కాలికంగా చేరింది. కూతురు కాలేజీకి వచ్చినా తాత్కాలికంగానే ఉంది. ఉత్తరాలు టైపు చేయడం, ఫోన్లు ఎత్తడం, ఏ వీధిలో దీపం పోయిందో రాసుకోవడం, నిచ్చెన ఎటు పంపాలో చెప్పడం ఆవిడ తాత్కాలిక బాధ్యతలు. మిగతా పనులు పర్మినెంటు వాళ్లు చూసుకుంటారు. (ఆ మిగతా పనులు ఏమిటన్నది పరిశీలనలో ఉంది.)

ఎట్టకేలకు ఆవిడను పర్మినెంటు చేసేందుకు మంజూరు వచ్చింది. ఆ ఉత్తర్వును ఆవిడే టైపు చేసుకుంది. ఇక ప్రింటు తీసి ఆఫీసరు చేత సంతకం పెట్టించుకోవడమే మిగిలింది. ఆఫీసరు ఆ సాయంత్రమే రిటైరవుతున్నారు. కొత్తగా వచ్చే ఆఫీసరు ఎవరైనా సరే, పాతాయన ఆపినవాటిని అలాగే ఉంచి, కదిలించినవాటిని మొదటి నుంచి పరిశీలించడం అక్కడి ఆనవాయితీ.

ఆవిడ 'ప్రింటు' నొక్కింది. కిటికీ మర్యాదగా జవాబిచ్చింది: 'మీ ఉద్యోగం వరుసలో ఉంది.'

"ఆ ముక్క నాకు తెలీదా తల్లీ, ఇన్నేళ్ల నుంచీ వరుసలోనే కదా ఏడుస్తోంది" అనుకుంది టైపిస్టు.

వరుసలో ఆవిడకు ముందు ఒకే ఒక్క ఉద్యోగం ఉంది. యజమాని: హెడ్ గుమాస్తా. స్థితి: కాగితం కోసం నిరీక్షణ. సంగతేమిటంటే, ఇంత చక్కటి కిటికీ పెట్టించినందుకు హెడ్ గుమాస్తా గారు పై కార్యాలయానికి కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాశారు. కాగితం సైజు అడిగిన గడిలో 'ఏ4', 'లెటర్', 'లీగల్' అని కనిపించాయి. రాసింది లెటరే కదా అని 'లెటర్' ఎంచుకున్నారు. (కోర్టు వ్యవహారం కాదు కనుక 'లీగల్' జోలికి పోలేదు. ఆయన ఏదీ ఆలోచించకుండా చేసే మనిషి కాదు.) లెటర్ అనేది ఎక్కడో దూరదేశంలో వాడే కాగితం కొలత, ఏ4 కంటే కాస్త పొట్టి, కాస్త వెడల్పు. ఆ ఊళ్లో దీపం పెట్టి వెతికినా దొరకదు. ప్రింటర్ ఎర్రలైటు వెలిగించుకొని దానికోసం ఎదురుచూస్తోంది. అటెండరు ఒక ఏ4 కాగితాన్నే ఆ కొలతకు తెద్దామని కత్తెర పట్టుకొచ్చాడు. పొడవు కోస్తే సరిపోయింది గాని, వెడల్పు అతికించాల్సి వచ్చింది, ఆ అతుకు నిలవలేదు.

టైపిస్టు కంప్యూటర్ మెకానిక్‌కు ఫోన్ చేసింది. ఒక చేత్తో జిగురు సీసా పట్టుకొని ఉండటం వల్ల స్పీకర్ పెట్టింది. అదే పొరపాటు.

"చాలా సింపుల్ మేడమ్," అన్నాడు మెకానిక్ గది దద్దరిల్లేలా. "ముందు ఆ హెడ్ గుమాస్తా గారి ఉద్యోగం పీకెయ్యండి. మీ ఉద్యోగం దానంతటదే వచ్చేస్తుంది."

గదిలోని కుర్చీలన్నీ కిర్రుమంటూ ఆవిడ వైపు తిరిగాయి.

"ఏమ్మా టెంపరరీ," అన్నారు హెడ్ గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇన్నాళ్లూ నిన్ను తోబుట్టువులా చూసుకున్నానే. చివరికి నా నోట్లోనే మట్టి కొడతావా?"

"అయ్యో, ఆ ఉద్యోగం కాదు సార్! పొద్దున మీరు పంపారు చూడండి, ఆ ఉత్తరం. మీరే ఒకసారి రద్దు నొక్కేస్తే సరిపోతుంది."

"నా చేత్తో నా ఉద్యోగం నేనే రద్దు చేసుకోవాలా? రేపు నా పెన్షన్ చూసేవాడికి 'ఉద్యోగం రద్దు, యజమాని కోరికపై' అని కనిపిస్తే ఏమనుకుంటాడు?"

కబురు అందగానే ఉద్యోగుల సంఘం కార్యదర్శి హుటాహుటిన వచ్చాడు. కిటికీలో ఉన్న దారులన్నీ కూలంకషంగా చర్చించారు. 'ఉద్యోగాన్ని బదిలీ చేయి' అని ఒక బటన్ ఉంది. ఇంకో ప్రింటర్ ఊరి చివర స్తంభాల గోడౌనులో ఉంది. పిల్లల చదువుల మధ్యలో బదిలీలు కుదరవని కార్యదర్శి కొట్టిపారేశాడు. 'ఉద్యోగాన్ని నిలిపివేయి' అంటే సస్పెన్షన్ కనుక, విచారణ లేకుండా చెల్లదు. టైపిస్టు ఉద్యోగానికి 'ప్రాధాన్యత పెంచు' అనే బటన్ కూడా కనిపించింది. తాత్కాలికురాలిని హెడ్ గుమాస్తా నెత్తిన కూర్చోబెట్టే బటన్ పెట్టినవాడెవడో కనుక్కోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"అన్నా, నా బతుకంతా ఈ సాయంత్రం మీదే ఉంది," అంది టైపిస్టు.

"మేమంతా నీ పక్షమే చెల్లెమ్మా," అన్నాడు కార్యదర్శి. "ముందు నువ్వు పర్మినెంటయి సంఘంలో చేరు. అప్పుడు చూడు, పర్మినెంటు చెయ్యమని నీకోసం ఎలా పోరాడతామో!"

ఇంతలో కూతురు ఫోన్ చేసింది.

"సంతకం అయిందామ్మా?"

"ఇంకా ప్రింటే రాలేదే."

"ప్రింటు కొట్టడానికి ఇంతసేపా?"

"ముందు ఇక్కడ ఒకాయన ఉద్యోగం పోవాలటే చిన్నీ."

"అయితే వద్దులే అమ్మా," అంది కూతురు. "ఒకరి ఉసురు పోసుకొని మనమేం బాగుపడతాం?"

టైపిస్టుకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏ ఒక్కదానికీ వ్యవధి లేక ఆఫీసరు గదిలోకి నడిచింది.

ఆఫీసరు తన సొరుగులు సర్దుకుంటున్నారు. సర్వీసంతా ఏ నిర్ణయమూ తీసుకోకుండా మచ్చలేని మనిషని పేరు తెచ్చుకున్నారాయన. కిటికీ మీద సర్వాధికారాలూ ఆయనకే ఉన్నాయి. టైపిస్టు వరుసను చూపించి, తన ముందున్న ఉద్యోగాన్ని తీసేయమని బతిమాలింది. ఒక్కరి ఉద్యోగం తీస్తే పక్షపాతమంటారని ఆయన వెనకాడారు. అప్పుడు కిటికీ అడుగున ఉన్న బటన్ కనిపించింది: 'అన్ని ఉద్యోగాలనూ రద్దు చేయి.' ఆయన ముఖం విప్పారింది. అందులో ఎవరికీ అన్యాయం లేదు.

"సాయంత్రానికి నాదెలాగూ పోతుంది కదమ్మా, నాకేం భయం" అంటూ నొక్కేశారు.

ఎర్రలైటు ఆరిపోయింది. టైపిస్టు ఉరుకులు పరుగుల మీద వెళ్లి తన ఉత్తర్వును మళ్లీ పంపింది, 'ఏ4' అన్నది కళ్లు చిట్లించి చూసుకొని మరీ. ప్రింటర్ ఒకసారి గుర్రుమని వెచ్చటి కాగితాన్ని బయట పెట్టింది. ఆఫీసరు సంతకం చేశారు. టైపిస్టు దాన్ని గుండెలకు హత్తుకొని, అందరి ముందే భోరుమంది. హెడ్ గుమాస్తా కూడా కళ్లొత్తుకున్నారు. (ఆవిడ కోసమా, పోయిన ఉత్తరం కోసమా అని అడగడం మర్యాద కాదు.)

ప్రింటింగ్ కిటికీకి ఇంకో సౌకర్యం ఉంది. రోజంతా జరిగినదాన్ని ఎవరూ అడగకుండానే పై కార్యాలయానికి నివేదిస్తుంది. ఆనాటి నివేదిక క్లుప్తంగా ఉంది: 'ఈ కార్యాలయమందలి ఉద్యోగములన్నియు ఆఫీసరుచే రద్దు చేయబడినవి. పిదప మంజూరైన ఉద్యోగము: ఒకటి. యజమాని: టైపిస్టు.' పై కార్యాలయానికి నివేదికలను అర్థం చేసుకునే అలవాటు లేకపోయినా, అమలు చేసే అలవాటు ఉంది. పొదుపు చర్యలను కొనియాడుతూ, ఇకమీదట ఆఫీసు మొత్తాన్ని ఆ ఒక్క ఉద్యోగే నడపాలని జవాబు పంపింది.

మిగతా సిబ్బంది అప్పీలు చేసుకున్నారు. అది తేలేదాకా జీతాలు యథాప్రకారం అందుతాయి గాని, ఆఫీసు లోపలికి మాత్రం రాకూడదని ఆదేశాలొచ్చాయి.

కొన్నాళ్లకు పై కార్యాలయం నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. ఇంతమంది ఒక్కసారిగా లేకుండా పోయారు కదా, ఆఫీసులో ఏమైనా తేడా వచ్చిందా అని టైపిస్టును అడిగారు.

టైపిస్టు నిజాయతీగా ఆలోచించింది.

"వచ్చింది సార్," అంది. "రెండు ఫ్యాన్లు ఆపేశాను."