కుట్టుమిషన్ తొక్కే కాళ్ళు

ఆ ఆదివారం ప్లాను చాలా చిన్నది. పొద్దున్న ఆరింటికి భర్త స్టేడియంలో బయలుదేరి, ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి డ్యాము దగ్గరికి చేరాలి. భుజాన ఉన్న పట్టీ తీసి, అక్కడ కాచుకుని ఉన్న భార్యకు వేయాలి. ఆమె అదే దారిన వెనక్కి పరుగెత్తి స్టేడియం చేరాలి. పదకొండు కొట్టేలోపు ఇదంతా అయిపోతే ఇంటికొచ్చి, భోంచేసి పడుకోవచ్చు. ఇద్దరి వయసూ కలిపితే తొంభై ఆరేళ్ళు.

ఆమె దర్జీ. వీధి గదిలో పాతికేళ్ళుగా కాలి మిషన్ తొక్కుతోంది. ఆయన లైబ్రేరియన్. నిరుడు ఇదే పోటీలో ఆమె ముప్పయ్యో కిలోమీటరు దగ్గర చతికిలబడి రొప్పుతుంటే, పోటీ నడిపే పెద్దమనిషి పక్కన జీపు ఆపాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. "కుట్టుమిషన్ తొక్కే కాళ్ళమ్మా ఇవి, పరుగుకి పనికిరావు. బండెక్కండి" అన్నాడు. ఆమె ఎక్కింది. ఎక్కినందుకు ఏడాది పొడుగునా తనని తాను తిట్టుకుంది. రోజూ కోడి కంటే ముందు మొగుణ్ణి లేపి రోడ్డెక్కించింది. ఈసారి స్టేడియం బోర్డు మీద తమ నంబరు ఎదురుగా 'పూర్తి' అని పడాలి. ఆ ఒక్క మాట కోసం కోడలు తన కొడుకుని నడిరోడ్డు మీద వదిలేసి రావడానికైనా వెనకాడదని అత్తగారి అనుమానం.

శుక్రవారం పోటీవాళ్ళు ఇరవై ఏడో నంబరు పట్టీ ఇచ్చారు. ఇంకొకరు కుట్టిన గుడ్డ ఆమె కంటికి ఆనదు. "ఇదీ ఒక కుట్టేనా" అని గొణుక్కుంటూ మొత్తం విప్పేసింది. లోపల్నుంచి నల్లటి బిళ్ళ ఒకటి జారిపడింది. పక్కనే మొగుడు నిబంధనల పుస్తకం పైకి చదువుతున్నాడు. పట్టీలో ఉన్న చిప్పే జట్టుకు గుర్తనీ, గీత దాటినప్పుడల్లా యంత్రం దాన్ని పసిగట్టి సమయం రాసుకుంటుందనీ పన్నెండో నిబంధన. సరిగ్గా అప్పుడే ఆమె మిషన్ తొక్కుతోంది. ఆ చప్పుడులో పిడుగు పడ్డా వినపడదు, పన్నెండో నిబంధన ఏపాటి.

ఆ ఇంట్లో ఏదీ పారేయరు. బల్ల మీద డ్రిల్లు మాస్టారి కోటు రిపేరుకి వచ్చి ఉంది. కోటు అంచు గాలికి లేవకుండా లోపల చిన్న ఇనప బిళ్ళ పెట్టి కుట్టడం ఆమె పద్ధతి. ఎడమవైపు పెట్టింది. కుడివైపుకి బిళ్ళ దొరకలేదు. నల్లబిళ్ళ కొలిచినట్టు సరిపోయింది. శనివారం మాస్టారు కోటు తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మురిసిపోతూ వెళ్ళాడు.

ఆదివారం ఆరింటికి ఆ కోటుతోనే గీత మీద నిలబడి ఈల ఊదాడు. యంత్రం కుయ్‌మంది. ఇరవై ఏడో జట్టు బయలుదేరిందని తెర మీద పడింది. లైబ్రేరియన్ కూడా బయలుదేరాడు గానీ, ఆ సంగతి యంత్రానికి తెలియదు. మాస్టారు జీపెక్కి అందరికంటే ముందు వెళ్ళాడు.

డ్యాము దగ్గర మైకులో కుర్రగొంతు ఒకటి ఊగిపోతోంది. "ఇరవై ఏడో జట్టు పది కిలోమీటర్లు పదకొండు నిమిషాల్లో దాటింది. చరిత్రలో లేదు, ఇక ఉండదు."

దర్జీ చెయ్యి అడ్డం పెట్టుకుని దారి వైపు చూసింది. మొగుడు పేపరు పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్తే గంటకి గాని బయటికి రాని మనిషి. "ఏ కుక్కో తరుముతోందేమో" అని కంగారు పడింది.

మరో పావుగంటకి జీపు వచ్చింది. మాస్టారు దిగి గీత మీద కాలు పెట్టాడు. యంత్రం కుయ్‌మంది. "ఇరవై ఏడు వచ్చేసింది" అంది మైకు. అందరూ దారి వైపు చూశారు. దారి ఖాళీగా ఉంది.

"మా ఆయనేరీ?" అంది దర్జీ.

"అది మేమడగాలి. యంత్రం వచ్చాడంటోంది, మనిషి లేడు. ఏ లారీ ఎక్కి వచ్చి ఎక్కడ దాక్కున్నాడో" అన్నాడు మాస్టారు.

"పుస్తకం ఆలస్యమైతే తన మీద తనే జరిమానా వేసుకునే మనిషండీ ఆయన."

"మనుషులు అబద్ధమాడతారమ్మా. యంత్రం ఆడదు" అని మాస్టారు జాబితా తీసి ఇరవై ఏడు మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

ఎనిమిదీ ఇరవైకి లైబ్రేరియన్ కుంటుకుంటూ వచ్చాడు. జరిగింది విని "నేనా? పదకొండు నిమిషాల్లోనా?" అన్నాడు. ఒక్క క్షణం సంతోషించాడు కూడా. తరవాత పట్టీ విప్పి భార్య చేతిలో పెడుతూ, "అందరి పట్టీలకీ యంత్రం కూస్తోంది, మనదానికి కూయడం లేదు. ఇందులో చిప్ ఏదోయ్?" అన్నాడు.

"ఏ చిప్?"

"పన్నెండో నిబంధన. నల్లగా, బిళ్ళలా ఉంటుంది."

ఆమె మాస్టారి కోటు వైపు చూసింది. డ్యాము గాలికి అందరి బట్టలూ ఎగురుతున్నాయి. ఆ కోటు అంచులు మాత్రం రెండువైపులా కదలకుండా వేలాడుతున్నాయి. పనితనం చూసి గర్వపడాలో, తల బాదుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇప్పుడు చెబితే పట్టీ విప్పారని మాస్టారు మళ్ళీ నంబరు కొట్టేస్తాడు. వాదిస్తూ కూర్చుంటే పదకొండవుతుంది. పట్టీ భుజాన వేసుకుంది.

"కొట్టేసిన నంబరుకి పరుగెందుకమ్మా? బండెక్కండి."

"కొట్టేసింది మీ కాగితం మీద మాస్టారూ. నా కాళ్ళ మీద కాదు కదా" అని బయలుదేరింది.

నంబరు లేనివాళ్ళని దారి మీద ఉండనివ్వకూడదని మాస్టారి పట్టుదల. జీపులో పక్కపక్కనే వస్తూ కిలోమీటరుకోసారి "ఎక్కండి" అంటాడు. ఆమె వినిపించుకోదు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర, నిరుడు కూలబడ్డ చోటే, పిక్క పట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోడ్డు మీద కూర్చుండిపోదామనిపించింది.

"ఇదిగో, చెప్పానా. సరే, నేను ముందు పోతున్నా. వెనక బండి వస్తుంది" అన్నాడు మాస్టారు.

ఆమెకు ఏడుపు ఆగిపోయింది. ఆ కోటు తనకంటే ముందు గీత దాటితే, తను పరుగెత్తి ఉపయోగం లేదు. "వెళ్ళండి వెళ్ళండి. నేను గీత దాటడం చూడలేక పారిపోతున్నారని చెప్పుకుంటాలెండి" అంది.

"నేనా పారిపోయేది? మీరు పడిపోయేదాకా పక్కనే ఉంటా."

"ఉండండి మరి."

మాస్టారు విసుగెత్తి వెళ్ళబోయిన ప్రతిసారీ ఆమె ఒక మాట విసిరింది. ప్రతి మాటకీ జీపు వెనక్కి తగ్గింది. పట్టేసిన పిక్కతోనే రోడ్డుని మిషన్ తొక్కినట్టే తొక్కింది. వేసవిలో కరెంటు పోయినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆగని కాళ్ళు అవి. ఈయన చెబితే ఆగుతాయా.

పదీ యాభై ఆరుకి స్టేడియం వచ్చింది. మాస్టారు జీపులోంచి దూకి, గీత ముందు రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె ఆయన చంక కిందనుంచి దూరిపోయింది. ఆపబోయి ఆయనా గీత మీద కాలేశాడు. యంత్రం కుయ్‌మంది. తెర మీద 'ఇరవై ఏడు, పూర్తి' అని పడింది.

"యంత్రం తప్పు" అని అరిచాడు మాస్టారు.

బస్సులో అప్పటికే వచ్చేసిన లైబ్రేరియన్ నిబంధనల పుస్తకం పట్టుకుని ముందుకొచ్చాడు. "యంత్రం అబద్ధమాడదన్నది మీరే కదండీ."

దర్జీ నడుముకి కట్టుకున్న సంచిలోంచి చిన్న కత్తెర తీసింది. అడక్కుండానే కోటు కుడి అంచు పట్టుకుని రెండు కుట్లు తెంపింది. నల్లబిళ్ళ ఆమె అరచేతిలో పడింది.

"పట్టీ విప్పింది నేనే. తెలియక దీన్ని మీ కోటులో కుట్టింది నేనే. ఈ ఇరవై కిలోమీటర్లూ పరుగెత్తింది కూడా నేనే. ఇప్పుడు ఏం కొట్టేస్తారో కొట్టేయండి" అంది. తల దించలేదు.

లైబ్రేరియన్ పేజీ తిప్పాడు. "పంతొమ్మిదో నిబంధన. చిప్ వెంట ఉండగా వాహనమెక్కినవారిని పోటీలోంచి తీసేయాలి. ఎవరి పేరు రాద్దామండీ?"

మాస్టారు బిళ్ళని చూశాడు, జీపుని చూశాడు, తనని చూస్తున్న స్టేడియాన్ని చూశాడు. జేబులోంచి రబ్బరు తీసి, జాబితా మీది గీతని తనే చెరిపేసి, బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్కతో 'పూర్తి' అని రాశాడు. ఆ మాట ముందు ఆమె చాలాసేపు నిలబడింది. మొగుడు వచ్చి చెయ్యి పట్టుకుంటే, ఆయన భుజం మీద తల పెట్టి హాయిగా ఏడ్చేసింది.

మర్నాడు తెగిన అంచు కుట్టించుకోవడానికి డ్రిల్లు మాస్టారు షాపుకొచ్చాడు, నడిచి.