సెలూన్‌కు చేరిన తాళంచెవి

హలో, అందరికీ వినబడుతోందా? టీవీ ముందు కూర్చున్నవాళ్ళు కాస్త సౌండు తగ్గించుకోండి. నేను చెప్పబోయేదీ టీవీ కథే. ఇందులో ప్రకటనలు లేవు. అంటే ఒకచోట ఉన్నాయి, ఆ సంగతి తర్వాత తెలుస్తుంది.

ఒక ఇంటి పెద్దల్లుడు. సిమెంటు గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఆయన భార్య బస్టాండు విచారణ కౌంటర్లో పనిచేస్తుంది. ఆమె ఒకసారి టీవీ క్విజ్‌లో గెలిచింది. ఏళ్ళు గడిచినా నలుగురు కలిస్తే ఆయన ఆ ముచ్చటే ఎత్తేవాడు. ఆఖరి ప్రశ్న దగ్గర ఆమె తడబడిందట. ప్రేక్షకుల్లో ముందు వరుసలో ఉన్న తన వైపు చూసిందట. తాను కళ్ళతోనే ధైర్యం చెప్పాడట. వెంటనే జవాబు తన్నుకొచ్చిందట. వినేవాళ్ళు చెప్పులు వేసుకుంటున్నా ఆయన ఆపేవాడు కాదు.

ఆ ఆట ఇంట్లో, టీవీ కార్యక్రమాలు దాచుకునే రికార్డరులో భద్రంగా ఉంది. అప్పుడప్పుడు మొగుడూ పెళ్ళాం కూర్చుని చూసుకునేవారు. రిమోట్ మాత్రం ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది. ఆఖరి ప్రశ్న అడగ్గానే, ఇక్కడ ప్రకటనలండీ అంటూ బొమ్మను ముందుకు పరుగెత్తించి చప్పట్ల దగ్గర ఆపేది. ప్రకటనలంటే ఆయనకూ గిట్టదు కాబట్టి ఎన్నడూ అడ్డు చెప్పలేదు.

చుట్టాల్లో ఈ గొప్ప చూడనివాళ్ళు ముఖ్యంగా ఇద్దరు. ఒకరు అత్తగారు. అప్పట్లో ఆమె కళ్ళకు పొర కమ్మి ఉంది. ఇప్పుడు ఆపరేషన్ అయింది. టీవీ చూడొచ్చని డాక్టరు అనగానే, మొదట మా పెద్దదాని గెలుపే చూస్తానని పట్టుబట్టింది. రెండోవాడు చిన్నల్లుడు, అంటే మనవాడి తోడల్లుడు. ఒక పెళ్ళిలో పదిమంది మధ్యా "నిద్రలో కలగన్నావేమో అన్నయ్యా" అని నవ్విన మనిషి. అప్పటినుంచీ ఆ మాట పెద్దల్లుడి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. చిన్నల్లుడు భార్యనీ అత్తగారినీ వెంటబెట్టుకుని ఆదివారం సాయంత్రం వస్తున్నాడు.

ఆ పొద్దున భార్య డ్యూటీకి వెళ్ళగానే పెద్దల్లుడు ఇల్లు సర్దడం మొదలుపెట్టాడు. రికార్డరు మీద కప్పే ఎంబ్రాయిడరీ గుడ్డను ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, పువ్వుల అంచు ముందుకు వేలాడేలా పరిచాడు. చూడముచ్చటగా ఉంది. ఒకసారి సరిచూసుకుందామని రిమోట్ నొక్కాడు. రికార్డరు ఉలకలేదు, పలకలేదు. కొత్త బ్యాటరీలు వేసి నొక్కాడు. నిలబడి నొక్కాడు, వంగి నొక్కాడు, చివరికి బతిమాలుతూ నొక్కాడు. గుడ్డ తీసి పక్కన పడేసి, రికార్డరును చంకన పెట్టుకుని మెకానిక్ దగ్గరికి పరుగెత్తాడు.

ముందు చూసి చెబుతానన్నాడు మెకానిక్. చూసే టైము లేదన్నాడు ఈయన. గోడౌన్‌లో తూకం మిషను ఆగిపోతే లోపలి సర్క్యూట్ బోర్డు మార్చారు కాబట్టి, దీనికీ బోర్డే పోయిందని తనే తేల్చేశాడు. కస్టమరు అంత గట్టిగా చెప్పాక మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? మార్చేశాడు. అక్కడ రిమోట్ చక్కగా పనిచేసింది. చూశావా, నేను చెప్పలేదా అని మెకానిక్ భుజం తట్టి మరీ వచ్చాడు.

ఇంటికొచ్చి తీగలు తగిలించి చూస్తే ప్రతి కార్యక్రమం పక్కనా చిన్న తాళం బొమ్మ కనబడింది. క్విజ్ మీద నొక్కాడు. "ఈ రికార్డింగ్ వేరే పరికరంలో చేసినది. చూపించడం వీలుకాదు" అని తెర నిండా అక్షరాలు. మళ్ళీ చంకన పెట్టుకుని మళ్ళీ పరుగు.

"బోర్డు లోపల ఒక తాళంచెవి ఉంటుంది సార్" అన్నాడు మెకానిక్. "రికార్డయినవన్నీ దాంతోనే తాళం వేసి డిస్కులో పెడుతుంది. కొత్త బోర్డుది కొత్త తాళంచెవి. పాత తాళం ఊడదు."

"అయితే పాత బోర్డు పెట్టెయ్."

మెకానిక్ తల గోక్కున్నాడు. పారేసేముందు పరీక్షించి చూస్తే పాత బోర్డు భేషుగ్గా ఉందట. అందుకని దాన్ని పక్క వీధి సెలూన్‌లో చెడిపోయి ఉన్న రికార్డరుకు బిగించి వచ్చాడట.

సెలూన్ ఆయన మర్యాదస్తుడే కానీ ఆదివారం గిరాకీ వదులుకునే రకం కాదు. తన మిషను అంగుళం కదలడానికి వీల్లేదన్నాడు. కావాలంటే మీ డిస్కు ఇక్కడ బిగించి, మీరే వచ్చి చూసుకోండి అన్నాడు. ఈలోగా భార్య డ్యూటీ దిగి వచ్చింది, చుట్టాలూ ఇంటికి రానే వచ్చారు. దాంతో సాయంత్రం, నల్లకళ్ళద్దాల అత్తగారు ముందు, తక్కినవాళ్ళు వెనక, కుటుంబమంతా ఊరేగింపుగా సెలూన్‌కు బయల్దేరింది. ఎవరిదో గుండు అనుకుని వీధిలో మరికొందరు వెంటపడ్డారు.

అత్తగారిని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. అలవాటు కొద్దీ ఆమె మెడకు తెల్లగుడ్డ చుట్టబోయి సెలూన్ ఆయన నాలుక కరుచుకున్నాడు. సగం గడ్డం గీయించుకున్న కస్టమరు నురగతోనే తెర వైపు తిరిగాడు. మెకానిక్ డిస్కు బిగించాడు. తాళం బొమ్మలు మాయమయ్యాయి. ఆట మొదలైంది. తెర మీద భార్య ఒక్కో జవాబు చెబుతుంటే పెద్దల్లుడు తోడల్లుడి ముఖమే చూస్తున్నాడు. ఆ ముఖంలో నవ్వు తగ్గుతున్నకొద్దీ ఈయన ఛాతీ పెరుగుతోంది.

ఆఖరి ప్రశ్న వచ్చింది. ఏ జలచరానికి మూడు గుండెలుంటాయి?

పెద్దల్లుడి భార్య చటుక్కున లేచి, ఇక్కడ ప్రకటనలొస్తాయి, రిమోట్ ఇటివ్వమంది.

"పర్లేదమ్మా, చూద్దాం. మాకు పనేముంది" అన్నాడు సెలూన్ ఆయన.

తెర మీద ఆమె తడబడింది. ప్రేక్షకుల వైపు చూసింది. కెమెరా కూడా అటే తిరిగింది. ముందు వరుసలో పెద్దల్లుడు, నోరు తెరుచుకుని, పక్కాయన భుజం మీద తల వాల్చి గాఢనిద్రలో ఉన్నాడు. గురక వినబడలేదు గానీ పక్కాయన ముఖంలో కనబడింది.

"ధైర్యం కళ్ళతో బాగా చెప్పావన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. సెలూన్ గొల్లుమంది. పెద్దల్లుడు కింద పడ్డ వెంట్రుకల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ భార్య దాచిన ప్రకటన ఇదన్నమాట.

తెర మీద యాంకరమ్మ కూడా నవ్వింది. మీ వారు నిద్రపోతున్నారేంటండీ అంది.

తెర మీది ఆమె ఆయన్నే చూస్తూ నవ్వింది. "మా ఆయనకి నా మీద అంత నమ్మకమండీ. ఓడిపోతానని అనుమానముంటే నిద్ర పడుతుందా?" ఆ వెంటనే, ఏమాత్రం తడుముకోకుండా, ఆక్టోపస్ అంది.

టీవీలో చప్పట్లు. సెలూన్లోనూ చప్పట్లు. నురగాయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

"నేను స్కూటరు నేర్చుకున్నన్నాళ్ళూ ఈయన రెప్ప వెయ్యలేదు" అంది చిన్నల్లుడి భార్య. చిన్నల్లుడు అద్దంలో జుట్టు సవరించుకోసాగాడు.

అత్తగారు కళ్ళద్దాలు తీసి, కొత్త చూపుతో పెద్దల్లుణ్ణి నిదానంగా చూసింది. "మీరు చెప్పింది నిజమే అల్లుడుగారూ. మిమ్మల్ని చూశాకే దానికి జవాబొచ్చింది. కళ్ళు తెరిచారా మూశారా అన్నది మా డాక్టరు చూసుకుంటాడు."

పెద్దల్లుడు మెల్లగా తలెత్తాడు. ఆ ముక్క ఇంకోసారి వెయ్యమని సెలూన్ ఆయన్ని అడిగాడు. ఆ తర్వాత ఇంకోసారి. డిస్కు ఇక్కడే ఉండనీ, నలుగురూ చూస్తారు అని ఉదారంగా ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి రికార్డరు తగిలించి, దాని మీద గంజిగుడ్డ మళ్ళీ అందంగా పరిచాడు. రిమోట్ నొక్కితే రికార్డరు పలకలేదు. కొత్త బోర్డూ పోయిందని ఆయన చెప్పులు వేసుకుంటుంటే, భార్య ముందుకు వేలాడుతున్న గుడ్డ అంచు పైకి మడిచి రిమోట్ నొక్కింది. రికార్డరు కన్ను తెరిచింది.

ఇదండీ సంగతి. నచ్చితే మీ తోడల్లుళ్ళందరికీ పంపండి. ఎవరైనా నిద్రపోతుంటే మాత్రం లేపకండి, వాళ్ళావిడ గెలుస్తుండవచ్చు.