లక్క సీలు వేసిన గిటారు

1979 ఏప్రిల్ 10, మంగళవారం. ఆ మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి యేసురత్నం తిన్నది రాగిసంగటి, చింతచిగురు పప్పు, వేయించిన ఊరమిరపకాయలు. ఈస్టరు ముందరి శ్రమదినాలు కాబట్టి ఇంట్లో నెల పైబడి నీసు లేదు. అయితే ఆ తేదీ ఆయనకు ఇప్పటికీ గుర్తుండటానికి కారణం చింతచిగురు కాదు. తిన్న ముద్ద అరగకముందే భార్య గిటారు ఆయన చేతుల్లో రెండైంది.

పొద్దున పాఠాలు చెప్పడానికి బడికి పోతూ భార్య లిదియమ్మ ఒకే మాట అంది. “ఏమండీ, ఆ గిటారును మాత్రం ముట్టుకోబాకండి. ఆదివారం తెల్లారి గుళ్ళో వాయించాల.”

ముట్టుకోవద్దా! యేసురత్నానికి ఒళ్ళు మండింది. ఆరు నెలలుగా “బ్రిడ్జి లేస్తా ఉండాది, ఉదయగిరిలో ఖాజావలికి చూపించుకోని రాండి” అని పోరిన మనిషి, ఇవాళ ముట్టుకోవద్దనడమా? చెక్క గరిటెలు చెక్కే ఖాజావలికి తెలిసింది, బి.ఏ. చదివిన తనకు తెలియదా?

ఆత్మకూరు పోస్టాఫీసులో గుమాస్తా అయిన ఆయనకు లోకంలో రెండే గర్వాలు. ఇంట్లో ఏది చెడినా తానే బాగుచేస్తాడు. ఆయన బాగుచేసిన గోడగడియారం గంటలు కొడుతుంది, కాకపోతే ముళ్ళు కదలవు. ఇక రెండోది, పదిహేడేళ్ళ సర్వీసులో పరాయివాళ్ళ కార్డు ఒక్కటి కూడా చదివి ఎరగడు. ముద్ర గుద్దేటప్పుడు కళ్ళు స్టాంపు దాటి పక్కకు పోవు.

గిటారు తీశాడు. తీగెలు వదులుగా ఉన్నట్టు అనిపించింది. నులకమంచం బిగించినట్టు బిగించాడు. మూడో తిప్పుకు, తీగెల కొసలు పట్టుకుని ఉండే ఆ చెక్కపట్టీ, అదే బ్రిడ్జి, ‘ఠప్’మని ఎగిరి పప్పుగిన్నెలో పడింది.

పప్పు దాదాపు అయిపోయి ఉండటం దేవుడి దయ.

అతికించడమంటే యేసురత్నానికి తెలిసిన విద్య ఒక్కటే. జేబులో పార్శిళ్ళకు వాడగా మిగిలిన లక్కముక్క ఉంది. పొయ్యిమీద కరగబెట్టి, పట్టీకి పూసి, గిటారు పొట్టమీద అదిమాడు. ఎర్రగా, నున్నగా, నలువైపులా పొంగి చల్లారింది. రిజిస్టర్డు పార్శిలులా కళకళలాడుతుంటే తన పనికి తానే మురిసిపోయాడు.

ఒక తీగె బిగించి మీటాడు. పట్టీ మళ్ళీ ఎగిరింది.

“ఇంత ద్రోహమా!” అన్నాడు లక్కతో. “కలకత్తా దాకా పోయే పార్శిలును పట్టుకుంటావు, మా ఇంట్లో గిటారును పట్టుకోలేవా?”

మరునాడు కడుపునొప్పని సెలవు పెట్టి, గిటారును దుప్పట్లో చుట్టి ఉదయగిరి బస్సెక్కాడు. ఖాళీ గిటారుసంచి ఇంట్లో కొక్కేనికి సన్నగా వేలాడకూడదు కదా, అందులో ఒక దిండు, లిదియమ్మ చేట దూర్చాడు.

కండక్టరు దుప్పటి మూటను కిందా మీదా చూశాడు. “ఏంది సార్, పసిబిడ్డా?”

“గిటారు.”

“ఏడవదు గదా? అయితే టిక్కెట్టు లేదు. కిటికీ పక్కన పండబెట్టండి.” అంత అవమానంలోనూ ఆ మాట ఆయన మనసుకు చల్లగా తగిలింది.

కొండ కింద ఖాజావలి వసారాలో చెక్కపొట్టు మడమ దాకా ఉంది. ఖాజావలే మూట విప్పి, ఎర్రటి మరకను వేలితో తడిమి, నవ్వు ఆపుకున్నాడు.

“తపాలాలో పంపిద్దామనుకున్నారా సార్?”

“బాగుచేయడం తెలుసునా తెలియదా, అది చెప్పు!”

“లక్కంతా గీకాల. చెక్కకు చెక్క తగిలితేనే జిగురు పట్టేది, పాలిషు మీద పట్టదు. కడుపులో ఒక చెక్కముక్క పెట్టి పైనుంచి మరలతో బిగిస్తా. రెండు రోజులు దాన్ని పలకరించకూడదు. శనివారం రాండి.” ఆ కడుపులో పెట్టే ముక్క అప్పటికే కోసి, నునుపు పట్టి సిద్ధంగా ఉంది. కోపంలో ఉన్న యేసురత్నం అదేమిటని అడగలేదు.

ఇంట్లో ఆ రెండు రోజులూ గండంగా గడిచాయి.

“నా చేట కనపడలేదే?”

“పక్కింటి ప్రమీలమ్మ తీసుకుపోయి ఉంటది.”

“ఆమెకు మూడు చేటలుండాయి. పోనీలే. కాస్త పాట సాధన చేసుకుంటా.” లిదియమ్మ సంచి మీద చెయ్యి వేసింది.

యేసురత్నం ఎగిరి అడ్డం పడ్డాడు. “శుభశుక్రవారం దాటేదాకా వాయిద్యాలు ముట్టుకోకూడదు!”

“ఎక్కడుండాది ఆ మాట?”

“ఉండాది. పాతనిబంధనలో.”

“పాతనిబంధనలో శుభశుక్రవారమా!” అంది లిదియమ్మ. కానీ చెయ్యి తీసేసింది. ఎంత మంచి మనిషి, ఇట్టే నమ్మింది అనుకుని ఆయన కరిగిపోయాడు.

శనివారం గిటారు కొత్తదానిలా ఉంది. ఖాజావలి తీగెలన్నీ బిగించి ఒక్కసారి మీటితే వసారా మోగింది. పట్టీ ఇసుమంత కదలలేదు.

యేసురత్నం గొంతు తగ్గించాడు. “ఖాజావలీ, ఈ సంగతి మా ఆవిడకు తెలియకూడదు.”

అంతే, ఖాజావలి ఉలి కిందపెట్టి పగలబడి నవ్వాడు. “ఆమేమో మీకు చెప్పొద్దంటది, మీరేమో ఆమెకు చెప్పొద్దంటారు. నా కడుపు ఎన్ని గుట్లు మోస్తది సార్?” చూరులో దోపిన పోస్టుకార్డు తీసి చేతిలో పెట్టాడు.

లిదియమ్మ దస్తూరి.

‘ఖాజావలి గారికి. గిటారు బ్రిడ్జి లేచిపోతున్నది. మావారు ఆరు నెలలుగా రేపు, రేపు అంటున్నారు. మంగళవారం నాడు ముట్టుకోవద్దని చెబుతాను. బుధవారానికి మీ దగ్గరకు తెస్తారు. లక్క పూసి ఉంటే దయచేసి గీకగలరు. ఆయనకు ఏమీ చెప్పవద్దు.’

లక్కతో సహా!

అంతకన్నా ఘోరం అడ్రసు పక్కనే ఉంది. ఆత్మకూరు ముద్ర, ఏప్రిల్ 6. గుండ్రంగా, ఒక్క అక్షరం చెదరకుండా, నిటారుగా పడిన ముద్ర. ఆ ఆఫీసులో అంత అందంగా గుద్దేవాడు ఒక్కడే.

బస్సులో ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఆయన ఉడికిపోతూనే వచ్చాడు. తన మీద కుట్ర చేసి, ఆ కుట్రకు తన చేతనే ముద్ర కొట్టించుకుంటుందా! నిలదీయాల్సిందే. కానీ నిలదీయాలంటే గిటారు ముట్టుకున్నానని ఒప్పుకోవాలి. అంతకు మించి, పరాయివాళ్ళ కార్డు చదివానని ఒప్పుకోవాలి. చివరికి గిటారును గుట్టుగా సంచిలో పెట్టి, దిండునూ చేటనూ వాటి చోట్లకు చేర్చాడు.

ఆదివారం తెల్లవారుజామున గుళ్ళో లిదియమ్మ వాయించింది. తన భార్య వేళ్ళు అంత హాయిగా ఆడటం యేసురత్నం చాలా రోజులకు చూశాడు. లేచిన పట్టీ ఊడిపోతుందేమోనని ఆరు నెలలుగా ఆమె భయంభయంగా వాయిస్తూ వచ్చిందని అప్పుడు తెలిసింది. కోపం సగం అక్కడే జారిపోయింది. మిగతా సగం మధ్యాహ్నం కోడికూరలో పోయింది.

అయినా రాత్రి పడుకోబోయేముందు ఉండబట్టలేక అన్నాడు. “లిదియా, ఎవరికైనా ఉత్తరం రాసేటప్పుడు కట్టుకున్న మొగుడితో ఒక మాట చెప్పాల్నా వద్దా?”

“ఏ ఉత్తరం?”

యేసురత్నం దుప్పటి ముడతలు సర్దసాగాడు.

“మీరు పరాయివాళ్ళ కార్డులు చదవరు గదండీ?”

“చదవను,” అన్నాడు, నేల చూస్తూ.

“నేనూ నా చేట సంగతి అడగను.” దిండును ఆయన తలకిందకు సర్ది, దీపం తగ్గించి, వీధితలుపు దగ్గరకు నడిచింది. అక్కడ ఆగి గొళ్ళాన్ని రెండుసార్లు కదిపి చూసింది.

“ఏమండీ, ఈ గొళ్ళెం వదులయింది. వడ్రంగి ఓబులయ్య వచ్చి బిగించాల. మీరు మాత్రం ముట్టుకోబాకండి.”

చప్పుడు కాకుండా తలుపు మూసింది.