పులిసిన రిపోర్టు

సోమవారం ఉదయం అచ్చియమ్మ పెట్టుకున్న పనులు రెండే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇరవై ఇళ్లకు ఇడ్లీపిండి డబ్బాలు పంపాలి. మూత్రం మంటగా ఉందంటున్న మొగుణ్ణి ఆసుపత్రికి తోలాలి. రమణమూర్తి రైలు నడిపే లోకో పైలట్. డాక్టరు ఫిట్ అంటేనే ఇంజనెక్కాలి.

"ఏటే, హాస్పిటల్‌ వాళ్లు మూత్రానికిచ్చిన సీసా కనబడదు!" బాత్రూంలోంచి కేక.

"ఇదిగో, కడిగిందే!" అంటూ ఆమె ఒక ఖాళీ పిండి డబ్బా అందించింది.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. డాక్టర్ రజిని కళ్లద్దాలు సవరించుకుంది.

"మూత్రంలో ఈస్టు పెరిగింది. అదీ చాలా అరుదైన రకం. షుగరుందా? ఎప్పుడైనా మూత్రానికి గొట్టం వేశారా?"

"లేదు మేడమ్."

"అచ్ఛా. ఎందుకొచ్చిందో తేలేదాకా డ్యూటీ వద్దు. రాయపూర్ పెద్దాసుపత్రికి పంపుతాను."

రమణమూర్తి ఇంటికొచ్చి మంచమెక్కాడు. పక్క క్వార్టరు ప్రసూన సాయంత్రానికల్లా కబురును కాలనీ అంతా తిప్పింది. సీపత్‌ నుంచి అచ్చియమ్మ తమ్ముడు శివాజీ పరుగున వచ్చాడు.

"బావా, ఇన్సూరెన్సులో నామినీ పేరు రాయించావా?"

"ఒదినా, ఇంతకీ ఈస్టంటే ఏటి?" అంది ప్రసూన.

"పిండిని పులియబెట్టేదటమ్మా..." అంటూనే అచ్చియమ్మ ఆగిపోయింది. డబ్బా!

చెబితే మొగుడి ఉద్యోగం దక్కుతుంది. కానీ పిండి డబ్బాలో ఏం పోసి పంపిందో తెలిస్తే, ఆ పిండి ఇక ఎవరు కొంటారు? రెండు టీలు తాగినా తేలలేదు.

"నానింక ఇంజనెక్కనేటే?" అన్నాడు రమణమూర్తి గోడవైపు తిరిగి.

అచ్చియమ్మ చెప్పులేసుకుంది.

సంగతి డాక్టరు చెవిలో చెప్పింది. డాక్టరు మాత్రం చెవిలో నవ్వలేదు. "ఏంటీ, ఇడ్లీపిండి డబ్బాలోనా? అయితే మూత అంచున మిగిలిన పిండి చేసిన పనే ఇది!"

బయట బెంచీల మీద సగం కాలనీ కూర్చుని ఉంది.

సీలున్న సీసాలో మళ్లీ పరీక్ష చేశారు. ఈస్టు జాడే లేదు. ఉన్నది మామూలు బాక్టీరియా. మాత్రలతో మంట తగ్గింది. రమణమూర్తి ఇంజనెక్కాడు. అచ్చియమ్మ గ్రైండరు మీద గుడ్డ కప్పేసింది.

మర్నాడే తలుపు దబదబ మోగింది. ఎదురుగా ప్రసూన, వెనక పదిమంది.

"ఒలమ్మ, కడిగినా చావని పులుపంటే మాటలేటి? డాక్టరమ్మ కూడా రెండు కిలోలు తెమ్మంది. రుబ్బు ఒదినా!"

ఎవరి గిన్నె వాళ్లే తెచ్చుకున్నారు.